పాత ఆక్టావియా ఆర్ఎస్‌కి సస్పెన్షన్ మార్చడం: మొదటి చప్పుడు నుంచి అలైన్‌మెంట్ దాకా

మా బండి మీటరు 1,87,000 కిలోమీటర్లు దాటిన ఏడాది, హన్మకొండ హంటర్ రోడ్డులో ఒక స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర మొదటిసారి ‘టక్’ మంది. ఏసీ ఆపి, పాటలు ఆపి, అద్దం దించి, బండిని మళ్లీ అదే బ్రేకర్ మీదికి తిప్పుకొచ్చాను. మళ్లీ ‘టక్’. ఆ రోజు నుంచి బండెక్కితే ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు నాకు.

బండి స్కోడా ఆక్టావియా ఆర్ఎస్. 2004లో మన దేశంలోకి వచ్చిన 1.8 టర్బో పెట్రోలు, 150 హార్స్‌పవర్. చూడటానికి ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, నడిపితే స్పోర్ట్స్ కారు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకు ఆర్సీ రెన్యువల్ చేయించుకున్నవాళ్లు ఇలాంటి బండిని అవసరం కోసం ఉంచుకోరు, ప్రేమతో ఉంచుకుంటారు. అందుకే ఈ పని ఎలా చేయాలో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను.

మొదటిసారి ఒక షెడ్డుకు తీసుకెళ్తే చక్రం కూడా విప్పకుండానే “షాకప్స్ పోయినయ్ సార్” అన్నారు. రెండు షాకప్స్ మార్చారు, చప్పుడు అలాగే ఉంది. మళ్లీ వెళ్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు మార్చారు, చప్పుడు పోయింది. ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. విప్పి చూస్తే కొత్త బుష్‌ల రబ్బరు చుట్టూ చీలి, చేత్తో లాగితే పీలికలుగా ఊడొచ్చింది. ములుగు రోడ్డులో నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న ఒక పెద్ద మేస్త్రి ఆ బుష్‌ను అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. “బండి గాలిల ఉన్నప్పుడు బిగించిండ్రు బిడ్డా. బండి కూసున్నంక బిగించాలె” అన్నాడు. ఆ మాట అర్థమైతే సస్పెన్షన్ పని సగం వచ్చినట్టే. దాని సంగతి దాని చోట చెప్తాను.

కొనే ముందు కనిపెట్టడం

చప్పుడు ఏ భాగానిదో తేలకుండా ఒక్క పార్టు కూడా కొనొద్దు. బానెట్ మీద చెయ్యి వేసి ఊపి చూసే పరీక్షను నమ్ముకోవద్దు. సగం పాడైన షాకప్ కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. దానికంటే టైరే బాగా చెప్తుంది. టైరు ముఖం మీద అరచెయ్యి చుట్టూ రుద్దితే ఎత్తుపల్లాలుగా, అలలు అలలుగా తగిలితే షాకప్ చక్రాన్ని రోడ్డుకు అదిమి పట్టలేకపోతున్నదని లెక్క. షాకప్ ఒంటి మీద నూనె తడి పల్చగా, దుమ్ము పట్టి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. చుక్కలు కారుతుంటే మాత్రం అది పోయినట్టే.

తర్వాత చక్రం ఎత్తి, పైనా కిందా చేతులు పెట్టి ఊపాలి. ఆట ఉంటే, అంటే వదులుగా కదిలితే, బాల్ జాయింటో (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీలు), వీల్ బేరింగో. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి ఇంకొకరితో బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే బేరింగు. అలాగే ఉందంటే బాల్ జాయింటు. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆట వస్తే టై రాడ్ ఎండ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ కొస) లేదా స్టీరింగు రాక్ లోపలి జాయింటు.

లింక్ రాడ్ దగ్గర చాలామంది మోసపోతారు. మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపు కలిపే చిన్న కడ్డీ ఇది. ఒక్క చక్రమే ఎత్తితే ఆ బార్ మెలితిరిగి లింక్ రాడ్ మీద ఒత్తిడి పడుతుంది. అప్పుడు అరిగిన రాడ్ కూడా గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు చక్రాలు రెండూ గాలిలో ఉండాలి, లేదా రెండూ నేల మీద ఉండాలి. అప్పుడే చేత్తో ఊపి చూడాలి. చిన్న గతుకుల మీద, నడక వేగంలో ‘కటకట’ మని వరసగా వచ్చే చప్పుడు ఎక్కువగా దీనిదే. మా బండిలో మొదటి ‘టక్’ ఇది కాదు గానీ, ఈ పార్టు చవక. ముందు దీన్నే చూసుకోవాలి.

బండి ఆగి ఉండగా స్టీరింగు తిప్పితే స్ప్రింగు ‘డంగ్’ మని తుళ్లిందంటే స్ట్రట్ (ముందు షాకప్, స్ప్రింగు కలిసిన భాగం) పైనుండే టాప్ మౌంట్ బేరింగు బిగుసుకుపోయింది. పైన బేరింగు తిరగకపోతే స్ప్రింగు మెలితిరిగి, ఒక్కసారిగా విడుచుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు, వదిలినప్పుడు ఒక్కొక్క ‘టక్’ వస్తే అది లోయర్ ఆర్మ్ వెనక బుష్. నాది ఇదే. ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ (బాడీ కింద ఆర్మ్‌లు తగిలించే ఇనుప చట్రం) మధ్య పొడవాటి టామీ రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే రబ్బరులో చీలిక నోరు తెరుచుకుని కనిపిస్తుంది.

వెనక సంగతి వేరు. ఎనభై వేగంలో లారీని దాటి లేను మారినప్పుడు, స్టీరింగు తిప్పిన అర క్షణానికి బండి వెనక భాగం పక్కకు జరిగినట్టు అనిపిస్తే వెనక ఇరుసు బుష్‌లు పోయినట్టు. ఇసుక లారీలు నడిచే ములుగు దారిలో అది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. చప్పుడు రాలేదు కదా అని వదిలేయొద్దు.

ఏం కొనాలి

షాకప్స్, స్ప్రింగులు ఎప్పుడూ జతగా కొనాలి, ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. స్ట్రట్ విప్పుతున్నారంటే టాప్ మౌంట్, బేరింగు, బంప్ స్టాప్ (షాకప్ చివరిదాకా నొక్కుకోకుండా ఆపే మెత్త దిమ్మ), దుమ్ము తొడుగు కూడా కొత్తవే వేయండి. ఇరవై ఏళ్ల బంప్ స్టాప్‌ను వేళ్ల మధ్య నలిపితే ఎండిన రొట్టెలా పొడి పొడి అవుతుంది. మళ్లీ అదే కూలికి, అదే తిప్పలకు ఇంకోసారి విప్పడం కంటే ఇప్పుడే మార్చేయడం మేలు.

ఈ ఆక్టావియా, నాలుగో తరం గోల్ఫ్, మొదటి తరం ఆడి టీటీ ఒకే చాసీ మీద పుట్టినవి. అందుకే పార్టులు ఇంకా దొరుకుతున్నాయి. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌కు టీటీది వేయొచ్చు. ఆక్టావియా బుష్‌లో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి, టీటీది నిండు రబ్బరు. స్టీరింగు ఇంకా సూటిగా పలుకుతుంది. గతుకు కాస్త ఎక్కువ తెలుస్తుంది. నేను టీటీదే వేశాను, మళ్లీ వేయాల్సి వచ్చినా అదే వేస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఎక్కే బండైతే మాత్రం మామూలుదే వేయండి.

రబ్బరు బదులు గట్టి పాలీ (పాలీయురెథేన్) బుష్‌లు వేయించమని చాలామంది చెప్తారు. మన రోడ్ల మీద, రోజూ తిరిగే బండికి నేను వాటిని వద్దంటాను. రబ్బరు మింగాల్సిన అదురంతా బాడీకి ఎక్కుతుంది.

లెంఫోర్డర్, సాక్స్ లాంటివి కంపెనీకి సరఫరా చేసే స్థాయి పేర్లు. పేరు ఎంత పెద్దదైతే నకిలీ కూడా అంత ఎక్కువ. ఒకచోట కొన్న బాల్ జాయింటు పెట్టె అచ్చం అసలుదిలాగే ఉంది. లోపల రబ్బరు తొడుగు నొక్కితే గ్రీజే లేదు. ఇప్పుడు కొనేచోటే పెట్టె విప్పి, తొడుగు నొక్కి, లోపల గ్రీజు మెత్తగా కదులుతుందో లేదో చూసి తీసుకుంటాను.

బోల్టులు మర్చిపోవద్దు. ఈ బండిలో సస్పెన్షన్ బోల్టులు చాలావరకు సాగే రకం. ఒక లెక్క దాకా బిగించి, ఆపైన ఇంకో పావు తిప్పు తిప్పుతారు. ఒకసారి సాగిన బోల్టును మళ్లీ వాడితే అదే పట్టు రాదు. కొత్త బోల్టులు, కొత్త లాక్ నట్లు పార్టులతో పాటే తెప్పించండి.

చోటు, సామాను

చదునైన సిమెంటు నేల కావాలి. మట్టి నేలలో జాకీ స్టాండు దిగబడుతుంది. రెండు స్టాండ్లు తప్పనిసరి, నాలుగుంటే మంచిది. ఇటుకలు, జాకీ నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. గోటీ పానాల సెట్టు, పొడవాటి టామీ రాడ్, టార్క్ పానా (ఎంత బిగువు పడిందో న్యూటన్ మీటర్లలో చూపించేది), బాల్ జాయింట్ పుల్లర్, ఇనుప బ్రష్, తెల్ల పెయింట్ పెన్ను, టేపు. మన దగ్గర సముద్రపు ఉప్పు గాలి లేదు, కాబట్టి బోల్టులు తీర ప్రాంతపు బండ్లంత తుప్పు పట్టవు. అయినా ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే పొద్దున పని సులువవుతుంది. వేసవిలో అయితే ఆరు గంటలకే మొదలుపెట్టండి. మే నెలలో పదకొండు దాటాక వరంగల్ ఎండలో పానా ముట్టుకోలేం.

చక్రాలు విప్పక ముందు, బండి నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడే ఒక పని చేయాలి. చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపు పెట్టి కొలిచి, నాలుగు వైపులా నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని. చివర్లో ఇదే అక్కరకొస్తుంది.

ముందు స్ట్రట్ దించడం

వెనక చక్రాలకు ఆపు పెట్టి, ముందు చక్రాల బోల్టులు నేల మీదే కొద్దిగా వదులు చేసి, బండి ఎత్తి స్టాండ్ల మీద దించండి. చక్రం తీశాక బ్రేకు గొట్టాన్ని, ఏబీఎస్ తీగను వాటి క్లిప్పుల నుంచి విడిపించండి. ఏబీఎస్ తీగ మీద ఏ బరువూ పడకూడదు.

లింక్ రాడ్ విప్పి, లోయర్ ఆర్మ్‌కు బాల్ జాయింటును పట్టి ఉంచే మూడు బోల్టులు తీయండి. తీసేముందు జాయింటు ఎక్కడ కూర్చుందో పెయింట్ పెన్నుతో గీత పెట్టండి, దాన్ని పాతదే ఉంచుతుంటే మళ్లీ అదే గీత మీద కూర్చోబెట్టాలి. ఇప్పుడు చక్రం పట్టే హబ్ భాగం కిందికీ పక్కకూ కదులుతుంది. డ్రైవ్ షాఫ్ట్‌ను బయటికి మరీ లాగొద్దు, లోపలి జాయింటు విడిపోతుంది. హబ్‌ను తాడుతో కట్టి ఉంచండి.

ఈ బండిలో స్ట్రట్ కింది కొస హబ్ గూటిలో చొచ్చుకుని కూర్చుంటుంది. గూటికి వెనకవైపు నిలువుగా ఒక చీలిక, దాన్ని బిగించే ఒక బోల్టు ఉంటాయి. బోల్టు తీసినంత మాత్రాన స్ట్రట్ రాదు. చీలికలో పెట్టి తిప్పే స్ప్రెడర్ పనిముట్టు ఒకటుంది. చూడటానికి చిన్న ముక్క, కానీ దీన్ని పెట్టి తొంభై డిగ్రీలు తిప్పితే గూడు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. అంతే చాలు, హబ్ మెల్లగా కిందికి జారుతుంది. ఈ ముక్క లేక ఉలి దిగ్గొట్టి గూడు పగలగొట్టినవాళ్లను చూశాను. పగిలితే హబ్ మొత్తం మార్చాలి.

కింది కొస బయటికొచ్చాక, ఒకరు స్ట్రట్‌ను కింద పట్టుకుంటే ఇంకొకరు బానెట్ తెరిచి పైన నట్టు విప్పాలి. ఇక్కడ విప్పేది స్ట్రట్‌ను బాడీకి పట్టే పై నట్టు మాత్రమే. స్ప్రింగును పట్టి ఉంచే లోపలి నట్టును ఈ దశలో ముట్టుకోకూడదు.

స్ప్రింగు దగ్గర జాగ్రత్త

ఇదొక్కటి ఇంట్లో చేయొద్దని నా గట్టి సలహా. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషిని చంపగలదు. చాలా షెడ్లలో గోడకు బిగించిన స్ప్రింగు ప్రెస్ ఉంటుంది. కూలి ఇచ్చి అక్కడ చేయించుకోండి, పక్కన నిలబడి చూడండి. ఇంట్లోనే చేయక తప్పకపోతే కొక్కేల కంప్రెసర్లు రెండింటినీ స్ప్రింగుకు ఎదురెదురుగా పెట్టి, రెంటినీ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. గాలి గన్ను వాడొద్దు. స్ప్రింగు కొసల ఎదురుగా మొహం పెట్టొద్దు. పై గిన్నె వేళ్లతో వదులుగా తిరిగాకే లోపలి నట్టు తీయాలి.

నట్టు తిప్పుతుంటే షాకప్ కడ్డీ కూడా తిరుగుతుంది. దాన్ని ఆపడానికి పైన అలెన్ కీ పెట్టే గుంత ఉంది. కడ్డీ మెరిసే ఒంటి మీద కటింగ్ ప్లేయర్ వేశారంటే ఆ కొత్త షాకప్ ఆ రోజే పోయినట్టు. గీత పడిన కడ్డీ ప్రతి కదలికలో సీలును కోస్తుంది, నెలల్లో నూనె కారుతుంది.

కొత్త షాకప్‌ను నిలువుగా పట్టుకుని, కడ్డీని నిదానంగా చివరిదాకా నొక్కి, మళ్లీ పైకి లాగి, ఇలా నాలుగైదు సార్లు చేయండి. పడుకోబెట్టి తెచ్చిన పెట్టెలో లోపలి గొట్టంలోకి చేరిన గ్యాసు ఇలా పైకి వెళ్లిపోతుంది. మొదటి రెండుసార్లు మధ్యలో ఖాళీగా జారినట్టు తగిలి, తర్వాత ఒకే బిగువు రావాలి. స్ప్రింగు కొస కింది గిన్నెలో ఉన్న మెట్టుకు ఆని కూర్చుందో లేదో వేలు పెట్టి చూసుకున్నాకే కంప్రెసర్ వదలండి.

తిరిగి ఎక్కించేటప్పుడు హబ్ గూటి బోల్టు 50 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. స్ట్రట్ పై నట్టు 60. బాల్ జాయింటు మూడు బోల్టులు 20, ఆపైన 90 డిగ్రీలు. ఇవి ఈ బండి లెక్కలు, మీది వేరే బండైతే దాని మాన్యువల్‌లో ఉన్నవే వాడండి. బాల్ జాయింటు లోపల గుండు స్వేచ్ఛగా తిరుగుతుంది గనుక దీన్ని గాలిలోనే బిగించినా ఇబ్బంది లేదు. బుష్‌లు అలా కావు.

లోయర్ ఆర్మ్, బుష్‌లు

సబ్‌ఫ్రేమ్‌ను కదిలించాల్సి వస్తే, ముందే దాని చుట్టూ బాడీ మీద పెయింటుతో గీత పెట్టండి. ఈ బండికి ముందు క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే వాలు, విడిగా సవరించే వీలు లేదు. సబ్‌ఫ్రేమ్ జరిగిందంటే రెండు చక్రాల వాలూ మారిపోతుంది.

ఆర్మ్ బయటికి తీశాక పాత బుష్‌లను ప్రెస్ మీద నొక్కించాలి. సుత్తితో కొడితే ఆర్మ్ వంగుతుంది. లేత్ షాపుల్లో, పెద్ద షెడ్లలో ప్రెస్ ఉంటుంది, పది నిమిషాల పని. కొత్తది ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లే రాయమనండి. గ్రీజు, ఇంజిన్ నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఖాళీలున్న మామూలు బుష్ అయితే పాతది ఏ దిక్కుకు చూస్తూ ఉందో తీసేముందే ఫోటో తీసుకోండి. ఖాళీల దిక్కు తప్పితే బ్రేకు వేసినప్పుడు ఆర్మ్ పోవాల్సిన వైపు కాకుండా వేరే వైపు పోతుంది.

ఆర్మ్‌ను మళ్లీ పెట్టి బోల్టులు వేళ్లతో ఎక్కించి, కొద్దిగా పట్టేదాకా మాత్రమే తిప్పండి. బిగించొద్దు.

బండి కూర్చున్నాక బిగించడం

పెద్ద మేస్త్రి మాట ఇక్కడికే వస్తుంది. బుష్ లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ అంటుకుని రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే ఆ గొట్టం సబ్‌ఫ్రేమ్‌కు అతుక్కుపోతుంది, ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు తిరిగేది రబ్బరే, మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, ఆ వేలాడే స్థితే రబ్బరుకు సొంత చోటు అవుతుంది. బండి దించగానే రబ్బరు మెలితిరుగుతుంది, పార్కింగులో నిలబడి ఉన్నా మెలితిరిగే ఉంటుంది. మీదికెళ్లి ఒక గుంత తగిలితే ఇంకా మెలి. నా బుష్‌లు ఎనిమిది నెలల్లో చీలింది ఇందుకే.

కాబట్టి ముందు రాసుకున్న కొలతలు తీయండి. హబ్ కింద జాకీ పెట్టి, చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఆ కొలత వచ్చేవరకు మెల్లగా ఎత్తండి. కొలత రాకముందే బండి స్టాండు మీద నుంచి లేవబోతుంటే అక్కడే ఆపి, ముందు సీట్లలో రెండు బియ్యం బస్తాలు వేయండి. మనిషిని కూర్చోబెట్టొద్దు. కొలత సరిపోయాక ఆర్మ్ బోల్టులు 70 న్యూటన్ మీటర్లకు బిగించి, బోల్టు తల మీదా పక్కన లోహం మీదా ఒకే గీత గీసి, ఇంకో 90 డిగ్రీలు తిప్పండి. గీత పావు వంతు జరగాలి. అది కళ్లారా చూడండి.

వెనక

ముందుతో పోలిస్తే వెనక తేలిక. షాకప్ వేరు, స్ప్రింగు వేరు. ఒకటే మెలకువ: ఇరుసు కింద జాకీ ఆనించకుండా షాకప్ కింది బోల్టు తీయకూడదు. ఇరుసు మరీ కిందికి దిగకుండా ఆపేది షాకపే. అది లేకపోతే ఇరుసు ఒక్కసారిగా పడి బ్రేకు గొట్టాలు తెగుతాయి. జాకీని కొద్దికొద్దిగా దించితే స్ప్రింగు దానంతటదే వదులవుతుంది. రబ్బరు గిన్నెలు మార్చి, స్ప్రింగు కొస మెట్టుకు ఆనించి, తిరిగి ఎత్తండి. షాకప్ కింది కొసలోనూ రబ్బరు బుష్ ఉంది, దాని బోల్టు కూడా బండి కూర్చున్న ఎత్తులోనే బిగించాలి.

ఇరుసు బుష్‌లు మాత్రం పుల్లర్ ఉన్న షెడ్డుకే ఇవ్వండి. కొత్త బుష్ మీద ఉన్న గుర్తు సరైన దిక్కుకు ఉందో లేదో మీరు దగ్గరుండి చూడండి.

అలైన్‌మెంట్, తర్వాతి వారం

చక్రాల బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు వరసలో. నేల మీదికి దించాక బండిని పదిసార్లు ముందుకూ వెనక్కూ నడిపి, ముందూ వెనకా ఊపండి. బ్రేకు పెడలు రెండుసార్లు తొక్కి చూసుకోకుండా గేటు దాటొద్దు.

అలైన్‌మెంట్‌కు అదే రోజు వెళ్లండి, కానీ నలభై దాటకుండా. వారం తిరిగాక స్ప్రింగులు, మౌంట్లు కాస్త కూర్చుంటాయి, అప్పుడు ఇంకోసారి చేయించండి. రెండోసారి వేసే లెక్కే నిలుస్తుంది. టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే లెక్క) సరిచేసే ముందు స్టీరింగు నిటారుగా ఉందో లేదో చూడమని ఆపరేటర్‌కు చెప్పండి. రెండు వైపులా క్యాంబర్‌లో పెద్ద తేడా వస్తే, సబ్‌ఫ్రేమ్ గీతల దగ్గరికి తిరిగి వెళ్లాలి.

వంద కిలోమీటర్లకు చక్రాల బోల్టులు మళ్లీ చూసుకోండి. వర్షాకాలానికి ముందే ఈ పని పూర్తయితే మంచిది. నీళ్లు నిండిన గుంత లోతు ఎవరికీ కనపడదు. మా బండిని రెండో అలైన్‌మెంట్ అయిన సాయంత్రం హంటర్ రోడ్డులో అదే బ్రేకర్ మీదికి తీసుకెళ్లాను. ఏసీ ఆపి, పాటలు ఆపి, అద్దం దించి దిగాను. టైరు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.